పెద్దవాళ్లు ఆస్పత్రిలో మతి తప్పి మాట్లాడుతుంటే: చేరే ముందు నుంచి ఇంటికొచ్చేదాకా ఇంటివాళ్లు చేయాల్సినవి

తుంటి ఎముక విరిగో, న్యుమోనియాతోనో ఆస్పత్రిలో చేరిన పెద్దమనిషి రెండో రోజు రాత్రి ఉన్నట్టుండి కన్నకొడుకునే ఎవరు నువ్వని అడుగుతారు. సెలైన్ పీకేస్తారు. అక్కడ లేనివాళ్లతో మాట్లాడతారు. దీన్ని డెలీరియం అంటారు. తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. ఐసీయూలో ఇంకా ఎక్కువ. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు మాత్రం దీని గురించి ఇంటివాళ్లకు ముందే చెప్పేవాళ్లు తక్కువ.

ఇది అటెండెంటుగా ఉండబోయేవారి కోసం రాసింది. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో ఆస్పత్రిలో మీకు తప్ప ఎవరికీ తెలియదు. "ఇది కొత్తగా వచ్చింది, మామూలుగా ఇలా ఉండరు" అని మీరు చెప్పకపోతే, వయసు మీద పడిందనుకుని వదిలేస్తారు.

1. ముందు గుర్తుపట్టడం

డెలీరియం గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వస్తుంది. డిమెన్షియా (మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు) అయితే నెలలూ ఏళ్లూ పడుతుంది. డిమెన్షియా ఉన్నవాళ్లకు డెలీరియం మరింత తేలిగ్గా వస్తుంది కాబట్టి "ముందే మతిమరుపు ఉందిగా" అని సరిపెట్టుకోకూడదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా అన్నదే చూడాలి.

ఇంకో లక్షణం, ఇది తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నానండీ" అని చక్కగా చెబుతారు. సాయంత్రం 6 దాటాక మాట తప్పుతుంది. డాక్టరు చూసింది ఆ రెండు నిమిషాలే.

ఇది రెండు రకాలుగా కనిపిస్తుంది, ఒక్కోసారి ఒకే రోజులో రెండూ వస్తాయి.

- అలజడి రకం: లేచిపోవడం, పైపులు లాగడం, అరవడం, గోడ మీద పురుగులున్నాయనడం, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడించడం, దుప్పటి పీకుతూ ఉండటం.
- మగత రకం: పగలంతా నిద్ర, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేయడం, అడిగినదానికి ఆలస్యంగా ముక్తసరి జవాబు, ముద్ద నోట్లోనే ఉంచుకోవడం.

రెండోదాన్నే ఎక్కువగా గమనించక వదిలేస్తారు. గొడవ లేదు కాబట్టి ఇంటివాళ్లు "హమ్మయ్య, పడుకున్నారు" అనుకుంటారు. మగత రకం తేలికైనది కాదు. ఎవరూ పట్టించుకోకపోవడంతో పుండ్లు పడటం, ఊపిరితిత్తుల్లోకి అన్నం పోవడం వంటివి వీళ్లలోనే ఎక్కువ.

2. చేరే ముందు వారం రోజుల్లో

మోకీలు మార్పిడి, గుండె ఆపరేషన్ లాంటివి ముందే తేదీ పెట్టి చేస్తారు. ఆ వారాన్ని వాడుకోండి.

2.1 మామూలు స్థితి ఒక కాగితం మీద రాయండి

ఒక్క పేజీ చాలు. దాని జిరాక్స్ ఒకటి కేస్ షీట్‌లో పెట్టమని సిస్టర్‌కు ఇవ్వండి.

- ఎలా పిలిస్తే పలుకుతారు, ఏ భాష, చదువు ఎంత
- ఇంట్లో సొంతంగా చేసుకునేవి: స్నానం, బాత్రూమ్, డబ్బు లెక్క, ఫోన్
- కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు: ఏవి ఉన్నాయి
- నిద్ర వేళలు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు
- మలమూత్రాల తీరు
- ఇంతకుముందు జ్వరంలోనో ఆపరేషన్ తర్వాతో మతి తప్పిందా (తప్పి ఉంటే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, ఇది తప్పక చెప్పాలి)

ఇంకో చిన్న పని ఉంది, చాలామంది చేయరు. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు వారాలు వెనక్కి చెప్పమనండి: శనివారం, శుక్రవారం, గురువారం... ఎంతవరకు చెప్పగలిగారో రాసుకోండి. ఆస్పత్రిలో ధ్యాస నిలకడ తప్పిందా అని చూడటానికి నెలల పేర్లు వెనక్కి చెప్పమంటారు. బడికి పోని అమ్మమ్మకు జనవరి, ఫిబ్రవరి వరస ఆరోగ్యంగా ఉన్నప్పుడూ రాకపోవచ్చు. వారాలు వెనక్కి ఇంట్లో చెప్పిన మనిషి వార్డులో రెండో వారం దగ్గరే ఆగిపోతే మాత్రం దానికి అర్థం ఉంది.

2.2 మందులన్నీ ఒకే సంచిలో

చీటీ కాకుండా మందులే తీసుకెళ్లండి. వేసుకునేవి, మానేసినవి, మెడికల్ షాపులో అడిగి కొన్నవి, ఆయుర్వేదం, హోమియో, కంటి చుక్కలతో సహా.

మతిని కలిచే మందులు ఇంట్లో ఉండేవే. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు వేలుపెట్టి చూపించండి:

- నిద్రమాత్రలు: ఆల్ప్రాజోలం, క్లోనజెపాం, జోల్పిడెం
- జలుబు, దురద మందులు: అవిల్, ఫెనర్గాన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన సిరప్‌లు
- వణుకుకు వాడే పాసిటేన్
- నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రీగబాలిన్
- మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్
- నొప్పికి ట్రామడాల్, స్టిరాయిడ్లు
- బీపీకి నీటి మాత్రలు (కొందరిలో సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, పడిపోతుంది)

మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఏళ్ల తరబడి రాత్రిపూట ఆల్ప్రాజోలం వేసుకునేవాళ్లకు ఒక్కసారిగా ఆపితే దానివల్లే మతి తప్పి ఫిట్స్ రావచ్చు. ఎలా తగ్గించాలో, అసలు తగ్గించాలో లేదో డాక్టరే చెప్పాలి.

పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉంటే దానికి వాడే సిండోపా మాత్రల వేళలు గంటా నిమిషాలతో రాసివ్వండి. డోసు తప్పితే బిగుసుకుపోతారు. వాళ్లకు వాంతులకు ఇచ్చే పెరినార్మ్, అలజడికి ఇచ్చే హాలోపెరిడాల్ పడవు. కాగితం పైభాగంలో పెద్ద అక్షరాలతో రాయండి.

2.3 తాగుడు, కల్లు, పొగాకు: దాచకండి

పరువు కోసం దాచే ఈ సంగతి ప్రాణాల మీదికి తెస్తుంది. రోజూ తాగే మనిషి ఆస్పత్రిలో చేరగానే తాగుడు ఆగిపోతుంది. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలై, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. దీని వైద్యం వేరు: ఇక్కడ డయాజెపాం, లోరాజెపాం జాతి మందులే సరైనవి, విటమిన్ బి1 ఇంజెక్షన్ కూడా కావాలి. మామూలు డెలీరియంలో అవే మందులు పరిస్థితిని చెడగొడతాయి. అందుకే డాక్టరుకు నిజం తెలియాలి.

కల్లు గురించి ప్రత్యేకంగా చెప్పండి. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపినట్టు పదే పదే బయటపడింది. "మా నాయన సారా ముట్టడు, సాయంత్రం రెండు సీసాల కల్లు, అంతే" అంటే డాక్టరుకు అది పెద్ద సమాచారం. చుట్ట, గుట్కా, జర్దా అలవాట్లు కూడా చెప్పాలి.

2.4 మత్తు డాక్టరును అడగాల్సినవి

ఆపరేషన్‌కు ముందు పరీక్షకు పిలిచినప్పుడు ఈ నాలుగూ అడగండి:

- "మా అమ్మకు మతి తప్పే ప్రమాదం ఎంత? వయసు, మతిమరుపు, చెవుడు, సోడియం చూసి చెప్పండి."
- "ముందురోజు రాత్రి నిద్ర ఇంజెక్షన్ లేకుండా చేయొచ్చా?"
- "ఎన్ని గంటల నుంచి ఖాళీ కడుపు?" సాధారణంగా అన్నం లాంటివి 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు దాకా అనుమతిస్తారు. రాత్రి 10 నుంచి చుక్క నీళ్లు లేకుండా ఉంచి, మధ్యాహ్నం 2కి ఆపరేషన్ మొదలైతే పెద్దవాళ్లు ఎండిపోతారు. కేసు వెనక్కి జరిగితే నీళ్లు ఇవ్వొచ్చా అని ప్రతిసారీ అడగండి. అనుమతి లేకుండా ఇవ్వకండి.
- "కళ్లజోడు, చెవి మిషను థియేటర్ తలుపు దాకా ఉంచి, రికవరీ గదిలో మళ్లీ పెట్టొచ్చా?"

2.5 సంచిలో పెట్టాల్సినవి

- కళ్లజోడు, వినికిడి యంత్రం, దాని అదనపు బ్యాటరీలు
- కట్టుడు పళ్లకు మూత ఉన్న డబ్బా, మీద పేరు (టిష్యూలో చుట్టి పెడితే చెత్తలో పోతాయి)
- పెద్ద అంకెల గోడ గడియారం, ఇంట్లో చూసే తెలుగు క్యాలెండరు
- మనవళ్ల ఫొటో ఒకటి, రోజూ కప్పుకునే దుప్పటి
- వెనక పట్టీ ఉన్న జారని చెప్పులు. హవాయి చెప్పులు వద్దు
- కళ్లకు కట్టుకునే మెత్తటి గుడ్డ, చెవుల్లో పెట్టుకునే దూది
- 200 ఎం.ఎల్. గ్లాసు, స్పూను (తాగింది లెక్క తెలియడానికి)
- నోటుపుస్తకం, పెన్ను
- పాత డిశ్చార్జ్ సమ్మరీలు, ఆధార్, ఆరోగ్య బీమా లేదా పథకం కార్డు

బంగారం, ఉంగరాలు ఇంట్లోనే ఉంచండి. పెద్దవాళ్లు వాటి కోసం వెతుక్కుంటూ కంగారుపడతారు.

2.6 ఉన్నపళంగా చేరాల్సి వస్తే

జారిపడి 108లో వెళ్తున్నప్పుడు పైవన్నీ కుదరవు. మూడే తీసుకోండి: మందుల సంచి, కళ్లజోడు, చెవి మిషను. మామూలు స్థితి కాగితం దారిలో ఫోన్‌లో టైపు చేసుకోవచ్చు. మిగతావి సాయంత్రం ఎవరైనా తెస్తారు.

3. అటెండెంట్ల వరస

ఒక్కరే నాలుగు రాత్రులు కూర్చుంటే ఐదో రోజుకు ఆ ఒక్కరూ కూలబడతారు. ముందే వరస వేసుకోండి. పగలు ఒకరు, రాత్రి ఒకరు, ఒక్కొక్కరికి 12 గంటలు మించకుండా. రాత్రికి పెద్దవాళ్లకు బాగా అలవాటైన మనిషిని పెట్టండి. కొత్త కేర్‌టేకర్‌ను పెట్టాల్సివస్తే పగటిపూట పెట్టి, తొలి రెండు గంటలు ఇంటివాళ్లు పక్కనుండండి.

ఒక్క పాస్ మాత్రమే ఇచ్చే ఆస్పత్రిలో, మతి తప్పే ప్రమాదం ఉన్న రోగి అని చెప్పి రాత్రి అటెండెంటుకు అనుమతి రాయించుకోండి.

మారేటప్పుడు నోటుపుస్తకం చేతికిచ్చి ఐదు నిమిషాలు మాట్లాడుకోవాలి. అందులో రోజూ రాయాల్సినవి:

- తాగిన నీళ్లు, తిన్నది
- మూత్రం ఎన్నిసార్లు, విరేచనం అయిందా
- నిద్ర ఎప్పటి నుంచి ఎప్పటి దాకా
- నొప్పి, ఎంతవరకు నడిచారు
- కొత్తగా మొదలైన మందు, వేళ
- మాటలో మార్పు: ఏ గంటకు, ఏమన్నారు (వాళ్ల మాటల్లోనే రాయండి)

చివరి రెండు వరసలూ పక్కపక్కన ఉంటే కారణం దానంతటదే బయటపడుతుంది. సాయంత్రం 4కి ట్రామడాల్, 7కి గోడ మీద పురుగులు. డాక్టరుకు ఇంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

4. రోజు ఎలా గడవాలి

డెలీరియం కేసుల్లో సుమారు మూడో వంతు నివారించవచ్చని వైద్యులు చెబుతారు. నివారణకు మందేమీ లేదు, ఈ పనులే. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డాక్టర్ షరాన్ ఇనోయ్ బృందం 1990లలో రూపొందించిన ఆస్పత్రి కార్యక్రమంలోనూ ఉన్నవి ఇవే: చూపు, వినికిడి, నీళ్లు, నడక, నిద్ర, వేళ గుర్తుచేయడం.

పొద్దున 6–9: కర్టెన్లు తీయండి. ముఖం కడిగి, కళ్లజోడు తుడిచి పెట్టండి. చెవి మిషను పెట్టి, వినిపిస్తోందా అని ఒక మాట అనిపించండి. కట్టుడు పళ్లు పెట్టండి. "అమ్మా, ఇవాళ మంగళవారం. విజయవాడలో ఆస్పత్రిలో ఉన్నాం. కాలికి ఆపరేషన్ అయింది" అని చెప్పండి. అడగొద్దు, చెప్పండి.

తిండి: మంచం మీద వాలి కాకుండా, వీలైతే కుర్చీలో కూర్చోబెట్టి తినిపించండి. ఇడ్లీ, మెత్తగా కలిపిన పప్పన్నం, పలుచటి మజ్జిగ, రాగిజావ బాగా దిగుతాయి. తిన్నాక అరగంట నిటారుగానే ఉంచాలి. మగతగా ఉన్నప్పుడు నోట్లో ఏదీ పెట్టకండి. తింటుంటే దగ్గు, గొంతులో గరగర వస్తే ఆపి సిస్టర్‌కు చెప్పండి.

నీళ్లు: అడిగితే ఇద్దామనుకుంటే కుదరదు, పెద్దవాళ్లకు దాహం సరిగా తెలియదు. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ సగం గ్లాసు. గుండె, కిడ్నీ జబ్బులున్నా, సోడియం తగ్గిందని చెప్పినా ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి. సోడియం తగ్గినప్పుడు ఉత్త నీళ్లు ఎక్కువ తాగిస్తే ఇంకా పడిపోవచ్చు. ఉప్పు కలిపిన మజ్జిగతో సొంత వైద్యమూ వద్దు.

నడక: డాక్టరు లేదా ఫిజియోథెరపిస్టు సరేనన్న రోజు నుంచీ రోజుకు మూడుసార్లు. ముందు మంచం అంచున రెండు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చోవాలి, కళ్లు తిరగకపోతేనే లేవాలి.

మలమూత్రాలు: రెండు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి. 6–8 గంటలు మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బితే వెంటనే చెప్పండి. ఈ రెండింటివల్లే మతి తప్పిన పెద్దవాళ్లు చాలామంది, బాధ ఎక్కడో చెప్పలేక కేకలు వేస్తుంటారు. యూరిన్ పైపు ఉంటే రోజూ రౌండ్స్‌లో అడగండి: "ఇంకా అవసరమా?"

మధ్యాహ్నం: కునుకు అరగంట చాలు. ఆ తర్వాత భక్తి పాటలు, పేపరు చదివి వినిపించడం, పాత సంగతులు.

రాత్రి 9 తర్వాత: టీవీ, ఫోన్ ఆపాలి. పెద్ద లైటు తీసి బాత్రూమ్ దారికి చిన్న వెలుగు ఉంచండి. గోరువెచ్చని పాలు, వీపు నిమరడం, కాళ్లకు నూనె రాయడం, ఇవి నిద్రమాత్ర అవసరాన్ని చాలాసార్లు తప్పిస్తాయి. బీపీ, మందులు, రక్తం తీయడం వీలైనంతవరకు ఒకే వేళకు పెట్టమని సిస్టర్‌ను అడగండి. రాత్రి 2కి ఒకరు, 3కి ఒకరు లేపితే ఆ నిద్ర నిద్ర కాదు.

5. మార్పు కనిపించిన తొలి గంట

మెట్టు 1. ముందు ప్రమాదం చూడండి. మూతి వంకర, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్, ఆయాసం, పిలిచినా పలకకపోవడం, తలకు దెబ్బ: వీటిలో ఏదున్నా సిస్టర్‌ను అప్పుడే పిలవండి. ఇంట్లో అయితే 108. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అందుకే లక్షణం మొదలైన వేళ గుర్తుంచుకోండి.

మెట్టు 2. అప్పటికప్పుడు చూడగలిగినవి సిస్టర్‌తో చూపించండి: వేలికి ఆక్సిజన్, షుగర్, జ్వరం, బీపీ. షుగర్ 70 కన్నా తగ్గితే కారణం అక్కడే దొరికినట్టు.

మెట్టు 3. డ్యూటీ డాక్టరుకు నాలుగు వాక్యాల్లో చెప్పండి. "ఏదోలా ఉన్నారు" అంటే పని జరగదు. ఇలా చెప్పండి:

"డాక్టర్ గారూ, మా నాన్నగారికి 78. మొన్న తుంటి ఆపరేషన్ అయింది. నిన్న సాయంత్రం దాకా అందరినీ గుర్తుపట్టి పేపరు చదివారు. రాత్రి 8 నుంచి ఊళ్లో ఉన్నాననుకుంటున్నారు, ఇది కొత్తగా వచ్చింది, డెలీరియం ఏమో చూస్తారా?"

డాక్టర్లు వాడే 4ఏటీ అనే చిన్న పరీక్షలో మెలకువ, నాలుగు ప్రశ్నలు (వయసు, పుట్టినతేదీ, చోటు, సంవత్సరం), నెలలు వెనక్కి చెప్పడం, ఉన్నట్టుండి వచ్చిన మార్పు, ఈ నాలుగు అంశాలుంటాయి. మొత్తం 4 లేదా ఆపైన వస్తే డెలీరియం ఉండవచ్చని లెక్క. నాలుగో అంశం ఒక్కదానికే 4 మార్కులు. ఆ మార్పు కొత్తదని చెప్పగలిగేది ఇంటివాళ్లే.

మెట్టు 4. కారణం వెతకమనండి. చాలాసార్లు ఒక్కటి కాదు, రెండు మూడు కలుస్తాయి.

- మూత్రం, ఊపిరితిత్తులు, గాయంలో ఇన్ఫెక్షన్
- సోడియం, షుగర్, కాల్షియం, కిడ్నీ, లివర్
- నొప్పి, మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం
- కొత్తగా మొదలైన మందు, హఠాత్తుగా ఆపిన మందు లేదా అలవాటు
- ఆక్సిజన్, గుండె, రక్తం తగ్గడం

తలకు స్కానింగ్ అందరికీ అవసరం లేదు. పడి దెబ్బ తగిలినా, రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నా, ఒకవైపు బలహీనత ఉన్నా అడగాలి.

6. మాట్లాడే తీరు

ఎదురుగా, కళ్ల ఎత్తులో కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. ఒక వాక్యం చెప్పి ఆగండి. జవాబుకు పది సెకన్లు పట్టవచ్చు, తొందరపెట్టకండి.

పరామర్శకు వచ్చిన బంధువులు మొదట అడిగేది "నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు చూద్దాం." ఇది వద్దు. గుర్తురాని మనిషికి అది పరీక్ష, అవమానం. దానికి బదులు: "మామయ్యా, నేను సుజాతని, మీ చెల్లెలి కూతుర్ని." గది తలుపు దగ్గరే వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పి పంపండి. ఒకసారికి ఇద్దరు, పది నిమిషాలు.

"గోడ మీద తేళ్లున్నాయ్": లేవని వాదించొద్దు, ఉన్నాయనీ అనొద్దు. "నీకు కనబడుతున్నాయి కదమ్మా, భయమేస్తోందా? నాకు కనబడట్లేదు. నేనిక్కడే ఉన్నా." ఆ తర్వాత లైటు వేసి చూడండి. గోడ మీద నీడో, కదిలే సెలైన్ గొట్టమో ఉంటే తీసేయండి.

"ఇంటికి పోదాం, బస్సు పోతది": "పోదాం నాయినా. డాక్టరు కట్టు విప్పి చూడాలంట, చూడంగనే పోదాం. ఈలోపు మజ్జిగ తాగు."

పోయిన మనిషిని అడిగితే: "మీ అమ్మ ఏది?" అన్నప్పుడు ప్రతిసారీ చావు కబురు చెబితే ప్రతిసారీ కొత్త దుఃఖమే. "వస్తోంది" అని నమ్మించడమూ మంచిది కాదు. "అమ్మ గుర్తొచ్చిందా నాన్నా? అమ్మ చేసే పులుసు గురించి చెప్పు" అని మాట మళ్లించండి.

"అన్నంలో మందు కలిపారు, నా పొలం కోసం చంపుతున్నారు" అని కొడుకులనీ కోడళ్లనీ అనేవాళ్లు చాలామంది. అది జబ్బు మాట. అవతలి మనిషి తిని చూపించడం, కాసేపాగి ఇంకొకరు ఇవ్వడం పనిచేస్తాయి. కోడలు ఆ మాటలు మనసులో పెట్టుకుంటే, మిగతావాళ్లు ఆమె పక్కన నిలబడాలి.

డాక్టరుకు చూపించడానికి అర నిమిషం వీడియో తీయవచ్చు. చూపించాక తొలగించండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

7. పైపులు పీకడం, కట్టేయడం, పడిపోవడం

చేతులు కట్టేస్తే పెనుగులాట పెరుగుతుంది, గాయాలవుతాయి. కట్టాలంటే ముందు ఇవి ప్రయత్నించమని అడగండి:

- ఇక అవసరం లేని పైపు తీసేయడం
- క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన సూది గొట్టం) మీద బ్యాండేజీ చుట్టి పైన పొడుగు చేతుల చొక్కా వేయడం
- యూరిన్ పైపును తొడకు అతికించి కంటికి కనబడకుండా ఉంచడం
- చేతికి పని ఇవ్వడం: జపమాల, మడతపెట్టడానికి తువ్వాలు
- ఇంటి మనిషి పక్కనే కూర్చోవడం

ప్రాణం నిలిపే గొట్టం పీకే ప్రమాదం ఉండి కట్టాల్సి వచ్చినా ఎంతసేపు, ఎప్పుడు విప్పి చూస్తారు అని అడిగి రాసుకోండి. మీరు పక్కన కూర్చున్నప్పుడు విప్పమని అడగవచ్చు.

మంచం వీలైనంత కిందికి దించండి. రెండువైపులా రెయిలింగ్ ఎత్తితే భద్రం అనుకుంటాం, కానీ మతి తప్పిన మనిషి దాని మీదుగా ఎక్కి ఇంకా ఎత్తు నుంచి పడతారు. చాలామంది పడేది బాత్రూమ్‌కు లేచినప్పుడే, కాబట్టి పడుకునే ముందు, మళ్లీ తెల్లవారుజామున మెలకువ వస్తే మీరే తీసుకెళ్లండి.

8. అలజడికి మందులు

డెలీరియాన్ని నయం చేసే మాత్ర లేదు. కారణం సరిచేయడమే వైద్యం. రోగికి, పక్కవాళ్లకు ప్రమాదం ఉన్నప్పుడు, విపరీతమైన భయంతో ఉన్నప్పుడు, మిగతావి పనిచేయనప్పుడు మాత్రమే డాక్టర్లు హాలోపెరిడాల్ లాంటివి చిన్న మోతాదులో, కొద్ది రోజులకు ఇస్తారు. ఇచ్చారంటే మూడు అడగండి: ఎందుకు, ఎంత, ఎప్పుడు ఆపుతారు. డిశ్చార్జ్ చీటీలో ఆ మందు అలాగే ఉండిపోయి ఇంట్లో నెలల తరబడి వాడేవాళ్లున్నారు.

మీ బ్యాగులోని నిద్రమాత్ర రాత్రి గుట్టుగా వేయకండి. ఊపిరి మందగిస్తుంది, తెల్లారి డాక్టరు వేరే కారణం వెతుకుతారు.

9. ఐసీయూలో ఉంటే

చాలాచోట్ల మీకు దొరికేది రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు. ఏడుపు బయట ఆపుకుని లోపలికి వెళ్లండి. పేరు పెట్టి పిలిచి, రోజు, చోటు, ఇంటి కబురు ఒకటి చెప్పండి. వెంటిలేటర్ మీద ఉన్నా వినబడవచ్చు. కళ్లజోడు, చెవి మిషను లోపలికి ఇచ్చి, పెట్టారో లేదో ప్రతిసారీ చూడండి. రోజూ అడగాల్సింది: "మత్తు మందు ఇవాళ తగ్గించి చూశారా? కూర్చోబెట్టడం ఎప్పుడు మొదలుపెడతారు?"

10. భాష రాని ఆస్పత్రిలో

బెంగళూరు, ముంబై, వెల్లూరు వెళ్లినప్పుడు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడ చేరినప్పుడు ఇంకో చిక్కు. ఇంగ్లిషులో అడిగితే జవాబు రాకపోవడాన్ని మతి తప్పడం అనుకోవచ్చు. లేదా తెలుగులో పొంతన లేకుండా మాట్లాడుతుంటే భాష తేడా అనుకుని వదిలేయవచ్చు. "తెలుగులో కూడా మాట పొంతన లేదు" అని మీరే చెప్పాలి.

అమెరికాలో ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. చేరగానే తెలుగు కావాలని రాయించండి. మన దగ్గరైతే ఒక అట్ట మీద నీళ్లు, నొప్పి, బాత్రూమ్, చలి అని తెలుగులోనూ సిస్టర్‌కు తెలిసిన భాషలోనూ బొమ్మలతో రాసి మంచానికి తగిలించండి.

11. ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ రోజుకు పూర్తిగా తేరుకోకపోవచ్చు. కొందరికి రోజులు, కొందరికి వారాలు, ఇంకొందరికి నెలలు పడుతుంది. తెలిసిన ఇల్లు, తెలిసిన మంచం వల్ల చాలామంది త్వరగా కుదుటపడతారు.

బయల్దేరే ముందు:

- డిశ్చార్జ్ సమ్మరీలో "డెలీరియం" అన్న మాట, దాని కారణం రాయించండి. తర్వాతి ఆపరేషన్‌కు అది కావాలి
- ఏ మందు కొత్తది, ఏది ఎప్పుడు ఆపాలి
- మళ్లీ చూపించే తేదీ, సోడియం పరీక్ష ఎప్పుడు

ఇంట్లో మొదటి నెల:

- మందులు మీ చేతుల్లోనే ఉంచుకోండి
- బండి నడపనివ్వకండి, గ్యాస్ పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి
- బ్యాంకు, ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టించకండి
- పాత వేళలకు తిండి, నిద్ర, వాకిట్లో ఎండలో కాసేపు

ఆస్పత్రిలో ఏమన్నారో కొందరికి గుర్తుంటుంది, సిగ్గుపడతారు. పీడకలలు వస్తాయి. వాళ్లు అడిగితే నిజం చెప్పండి: జ్వరం వల్ల, సోడియం తగ్గి అలా జరిగిందని, ఎవరూ తప్పుగా అనుకోలేదని. అడగకపోతే ఎత్తకండి. నవ్వుకుంటూ నలుగురిలో చెప్పుకోవడం అసలే వద్దు.

రెండు మూడు నెలల తర్వాత కూడా లెక్కలు తప్పడం, దారి మరవడం, చెప్పిందే చెప్పడం ఉంటే న్యూరాలజిస్టుకో, పెద్దవయసు జబ్బుల డాక్టరుకో చూపించి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. అప్పుడు మీరు ఆపరేషన్‌కు ముందు రాసిన మామూలు స్థితి కాగితం, వారాలు వెనక్కి చెప్పిన లెక్క కూడా పట్టుకెళ్లండి.